యుద్ధం నుంచి బయటపడ్డవారికి మనసు ఆసరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యుద్ధంలో ఇల్లూవాకిలీ వదిలి వచ్చినవారి మధ్య పనిచేస్తున్న పాఠకులు రాసిన ఉత్తరాలివి. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం. పేర్లు, ఊళ్లు తీసేశాం.

బాంబుదాడులు తప్పించుకుని నిన్నగాక మొన్న వచ్చిన కుటుంబాల దగ్గరకు మా బృందం వెళ్తోంది. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, జరిగిందంతా ఒక్కొక్కరి చేత చెప్పిస్తే గుండె బరువు దిగుతుందని మా పెద్దాయన అంటున్నారు. అలా చేయవచ్చా?
– స్వచ్ఛంద బృందం సభ్యురాలు

వద్దండీ. మీ పెద్దాయన మంచి మనసుతోనే అంటున్నారు. ఒకప్పుడు నిపుణులు కూడా ఇదే చేయించేవారు. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే ఒక్క విడతలో అంతా చెప్పించే ఈ పద్ధతికి ‘డీబ్రీఫింగ్’ అని పేరు. దీని మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన 2002 నాటి కాక్రేన్ సమీక్షలో, దీనివల్ల పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత దాని జ్ఞాపకాలు, భయం వదలకుండా వెంటాడే జబ్బు) రాకుండా ఆగడం లేదని తేలింది. ఒక ప్రయోగంలోనైతే డీబ్రీఫింగ్ పొందినవారిలోనే ఆ జబ్బు ఎక్కువగా కనిపించింది. శరీరం ఇంకా ప్రమాదంలోనే ఉన్నాననుకుంటున్న సమయంలో ఆ దృశ్యాలన్నీ మళ్లీ తవ్వి, గంట తర్వాత మనం లేచి వెళ్లిపోతాం. ఆ రాత్రి వాళ్లు ఒంటరిగా గడపాలి. పైగా గుంపులో కూర్చున్నవాళ్లు తమ కష్టానికి తోడు పక్కవాళ్ల ఘోరాలు కూడా విని మోసుకెళ్తారు.

దీని బదులు చేయాల్సింది మానసిక ప్రథమ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ, వార్ ట్రామా ఫౌండేషన్, వరల్డ్ విజన్ కలిసి 2011లో క్షేత్రస్థాయి కార్యకర్తల కోసం దీని మార్గదర్శిని తెచ్చాయి. డాక్టర్లే చేయాలని లేదు. చూడడం, వినడం, కలపడం. పని ఈ మూడే.

చూడడం అంటే నోరు తెరవకముందు చేసే పని. చోటు సురక్షితంగా ఉందా, దెబ్బలు తగిలినవారెవరు, పెద్దవాళ్లు ఎవరూ తోడు లేని పిల్లలున్నారా, బొమ్మలా కదలక మెదలక ఉండిపోయినవారెవరు? గట్టిగా ఏడ్చేవాళ్ల దగ్గరకు అందరూ పరుగెత్తుతారు. మూలన మౌనంగా కూర్చున్న మనిషిని ఎవరూ చూడరు. మీరు చూడండి.

వినేటప్పుడు నిలబడి మాట్లాడకండి, వాళ్ల ఎత్తులో పక్కగా కూర్చోండి. మీ పేరేమిటో, ఏ సంస్థ తరఫున వచ్చారో, ఏం చేయగలరో, ఏది మీ చేతిలో లేదో ముందే చెప్పండి. మొదటి ప్రశ్న “ఏం జరిగింది?” కాదు, “ఇప్పుడు మీకు ముందుగా ఏం కావాలి?” తమంతట తాము చెప్పడం మొదలుపెడితే అడ్డు రాకుండా చివరిదాకా వినండి. చెప్పకపోతే ఊరికే పక్కన కూర్చోండి, అదీ సాయమే. “మీరైనా మిగిలారు, అదృష్టం”, “పక్కింటివాళ్లది ఇంకా ఘోరం”, “ఏడవకండి, ధైర్యంగా ఉండండి” – ఈ మూడు మాటలూ పుండు మీద కారం చల్లేవే. “మీ బాధ నాకు తెలుసు” అనేది నాలుగోది. “చాలా భరించారు” అంటే సరిపోతుంది.

ఇక కలపడం. తప్పిపోయిన మనిషి వివరాలు నమోదుచేసే చోటు, ఫోన్ చార్జింగ్, షుగరు మాత్రలు, పసిబిడ్డకు పాలు, పోయిన గుర్తింపు కాగితాలు. నోటితో చెప్పి ఊరుకోకండి. ఆందోళనలో ఉన్నవాళ్లకు విన్నది నిలవదు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో, ఎన్ని గంటలకో చిన్న చీటీ మీద రాసివ్వండి. తేలేది లేదని తెలిసినప్పుడు “చూద్దాంలెండి” అనకండి.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఒకే రోజు మూడు సంస్థలవాళ్లు వచ్చి ఒకే తల్లి చేత ఒకే కథ మూడుసార్లు చెప్పిస్తారు, ఒకరు ఫొటో కూడా తీస్తారు. శిబిరం గేటు దగ్గర ఒకే రిజిస్టరు పెట్టి, ఎవరితో ఎవరు మాట్లాడారో రాసుకుంటే ఈ హింస ఆగుతుంది.

మా శిబిరంలో వేలమంది ఉన్నారు. సైకియాట్రిస్టు నెలకోసారి వస్తారు. ఇంతమందికి కౌన్సెలింగ్ ఎలా ఇవ్వగలం?
– శిబిరం నిర్వాహకుడు

ఇంతమందికీ అక్కర్లేదు. ఇది డబ్బు లేక చెప్పే సర్దుబాటు మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలు 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. సంఘర్షణ ప్రాంతాల్లో దాదాపు 22 శాతం మందికి, అంటే ఐదుగురిలో ఒకరికి, డిప్రెషన్, ఆందోళన, పీటీఎస్‌డీ, బైపోలార్, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులలో ఏదో ఒకటి ఉంటుంది. తీవ్రమైన జబ్బు ఉన్నవారు సుమారు 5 శాతం. మిగిలినవారికి భయం, దుఃఖం, నిద్రలేమి లేవని కాదు. అవి జబ్బు కాదు. చోటు భద్రమై, అయినవాళ్లు దగ్గరుండి, చేతికి పని దొరికితే చాలామందిలో అవి తగ్గుతూ వస్తాయి.

అందుకే 2007లో మానవతా సాయ సంస్థల ఉమ్మడి వేదిక ఐఏఎస్‌సీ మార్గదర్శకాలు ఈ సాయాన్ని నాలుగు అంతస్తుల పిరమిడ్‌గా చూపించాయి. అన్నిటికన్నా అడుగున, అందరికీ అందాల్సింది భద్రత, తిండి, నీళ్లు, నీడ. దానిపైన కుటుంబం, ఇరుగుపొరుగు. ఆపైన శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇచ్చే సాయం. కొసన, కొద్దిమందికే నిపుణుల వైద్యం. మీరు బెంగపడుతున్నది కొస గురించి. మీ చేతిలో ఉన్నది అడుగు అంతస్తు.

మరుగుదొడ్డి దగ్గర రాత్రి దీపం లేకపోతే, తలుపుకు లోపల గడియ లేకపోతే ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, తెల్లవార్లూ బెదురుతూనే పడుకుంటారు. ఆ భయం ఏ కౌన్సెలింగ్‌తోనూ పోదు, గడియతో పోతుంది. రేషన్ వరుసలో నాలుగు గంటలు నిలబెట్టి, చివరికి “అయిపోయింది” అంటే పెద్దమనిషికి తన పిల్లల ముందు తల తీసేసినట్టుంటుంది. కుటుంబాలకు వేర్వేరు వేళలిచ్చి టోకెన్లు పంచండి. అందరికీ కనిపించే చోట సమాచార బోర్డు పెట్టి, రోజూ ఒకే వేళకు మార్చండి, పైన తేదీ వేయండి. కొత్త కబురు లేకపోతే “ఈ రోజు కొత్త సమాచారం లేదు” అనైనా రాయండి. ఖాళీ బోర్డు పుకార్లకు పుట్టిల్లు.

గుడారాల కేటాయింపులో జాగ్రత్త. వచ్చిన వరుసలో నంబర్లేసి ఇవ్వడం మీకు సులువే గానీ, ఒకే ఊరివాళ్లు చెల్లాచెదురవుతారు. ముసలివాళ్లకు కబురు చెప్పేవాళ్లు, పసిబిడ్డను పది నిమిషాలు ఎత్తుకునేవాళ్లు లేకుండా పోతారు. కాస్త ఆలస్యమైనా తెలిసినవాళ్లను పక్కపక్కన ఉంచండి. ప్రార్థనకూ, చనిపోయినవారి కర్మకాండలకూ చోటివ్వండి. వంట, పహరా, నీళ్ల పంపిణీ, పిల్లల చదువు వాళ్ల చేతికే అప్పజెప్పండి.

ఇది మా అభిప్రాయం మాత్రమే కాదు. యుద్ధ బాధితుల్లో కనిపించే క్షోభలో పెద్ద భాగం, చూసిన హింస ఒక్కదాని వల్లనే కాక, ఆ తర్వాత రోజూ పడే ఇక్కట్ల ద్వారా కూడా వస్తుందని పరిశోధకులు కెన్నెత్ మిల్లర్, ఆండ్రూ రాస్ముసెన్ 2010లోనే వాదించారు. గతాన్ని మార్చలేం, వరుసను మార్చగలం.

ఏదైనా పెద్ద చప్పుడైతే ఒకాయన కింద పడుకుని తల దాచుకుంటాడు. ఒళ్లంతా వణుకు, పిలిచినా వినిపించుకోడు. ఆ నిమిషంలో ఏం చేయాలి?
– వాలంటీరు

ఆ నిమిషంలో ఆయన మీ ముందు లేడు, ఆ యుద్ధభూమిలో ఉన్నాడు. ఆయన్ని ఇక్కడికి తీసుకురావడమే పని.

చుట్టూ మూగినవాళ్లను పంపించేయండి. వెనక నుంచి వెళ్లి పట్టుకోకండి, కౌగిలించుకోకండి, ఆ క్షణంలో తాకిన చేయి శత్రువుదే అనిపించవచ్చు. ఆయనకు కనబడేలా, చేయి చాచినా అందనంత దూరంలో కూర్చుని, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. “నేను ఫలానా. ఇది శిబిరం. ఇప్పుడు సాయంత్రం. ఆ చప్పుడు లారీ టైరు పేలింది.” ఇలా చిన్న చిన్న మాటలు, తొందర లేకుండా, మళ్లీ మళ్లీ. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉండమని చాలామంది చెప్తారు. అది తప్పు. కళ్లు మూస్తే లోపలి దృశ్యమే కనిపిస్తుంది. కళ్లు తెరిచి పాదాలను నేలకు గట్టిగా అదమమనండి. ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పించండి. చేతిలో చల్లని నీళ్ల గ్లాసు పెట్టండి. చూపు మీ మీద నిలిచాకే శ్వాస సంగతి. మూడు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, మళ్లీ మూడు లెక్కపెట్టేదాకా వదలాలి. భుజాలు లేవకూడదు, పొట్ట కదలాలి. గట్టిగా, లోతుగా లాగమని చెప్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం రెట్టింపవుతుంది. నెమ్మదిగా అన్నదే ముఖ్యం, లోతుగా అన్నది కాదు.

తేరుకున్నాక “ఏం కనిపించింది?” అని అడగకండి. మంచినీళ్లిచ్చి, ఇలా అవడం పిచ్చి కాదనీ, ప్రాణం కాపాడుకోవడానికి శరీరం నేర్చుకున్న అలవాటు ఇంకా వదల్లేదనీ చెప్పండి. జెనరేటర్ వేసేముందు, సామాను దించేముందు కేకేసి చెప్పే ఏర్పాటు చేస్తే సగం ఘటనలు అసలు జరగవు. రాత్రి పీడకలతో అరిస్తే, భార్యాపిల్లలు పట్టి కుదపకుండా కాస్త దూరం నుంచి పేరు పెట్టి లేపాలి, దీపం వేయాలి.

నెల దాటినా ఇవి తగ్గకపోతే, పని చేసుకోలేకపోతే, ఆ జ్ఞాపకాల భయంతో మనుషులనూ చోట్లనూ తప్పించుకుంటూ ఉంటే చికిత్స అవసరం. జరిగినదాన్ని చెప్పించే పద్ధతులకు చోటు అక్కడ ఉంది. కథన చికిత్సలో ఒక మనిషి తన జీవితాన్ని పుట్టుక నుంచి వరుసగా, అనేక విడతల్లో, ఒకే సహాయకుడి దగ్గర చెప్పుకుంటాడు. ఉగాండాలోని శరణార్థి శిబిరంలో శిక్షణ పొందిన తోటి శరణార్థులే ఇలాంటి చికిత్స ఇచ్చి ఫలితం సాధించినట్టు 2008లో ప్రచురితమైంది. మొదటి ప్రశ్నలో వద్దన్నదానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ మనిషిని ఎంచుకుని, సమయం తీసుకుని, మొదలుపెట్టినదాన్ని చివరిదాకా తీసుకెళ్తారు.

ఎనిమిదేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడుపుతున్నాడు. పగలంతా కర్రలతో తుపాకీ ఆటే. ఆపించాలా?
– శిబిరం బడి ఉపాధ్యాయురాలు

ఆటను ఆపించకండి. పిల్లలు మాటల్లో పెట్టలేనిదాన్ని ఆటలో పెడతారు. గాయపడ్డవాడిని ఆస్పత్రికి మోసుకెళ్లడం, కూలిన ఇల్లు మళ్లీ కట్టడం లాంటివి ఆటలోకి వస్తుంటే మంచి గుర్తు. నెల దాటినా ఒకే దృశ్యం ఒకేలా ముగుస్తూ, ఆడాక పిల్లాడు మరింత బిగుసుకుపోతుంటే, లేదా నిజంగానే ఎవరినైనా కొడుతుంటే అప్పుడు ఆరోగ్య కార్యకర్తకు చూపించండి. యుద్ధం బొమ్మ గీయమని మీరై మాత్రం అడగకండి. కాగితం, రంగులు ఇచ్చి ఊరుకోండి.

పక్క తడపడానికి ముందు సాధారణ కారణం వెతకండి. రాత్రిపూట చీకట్లో దూరంగా ఉన్న దొడ్డికి వెళ్లడానికి పిల్లాడికి భయమేమో. గుడారం లోపల మూత ఉన్న బకెట్టు, ఒక చిన్న లైటు పెడితే వారంలో తేలిపోతుంది. పడుకునేముందు ఒకసారి వెళ్లొచ్చే అలవాటు చేయాలి. తిట్టడం, అందరి ముందు దుప్పటి ఆరేసి సిగ్గుపరచడం వల్ల ఇది తప్పకుండా పెరుగుతుంది. వేలు నోట్లో పెట్టుకోవడం, తల్లి కొంగు వదలకపోవడం, చిన్నపిల్లల భాష మాట్లాడడం కూడా ఇలా వచ్చి పోయేవే. మూత్రంలో మంట, జ్వరం, విపరీతమైన దాహం ఉంటే మాత్రం అది మనసు సంగతి కాదు, డాక్టరు చూడాలి.

బడిలో మీరు చేయగలిగిన గొప్ప మేలు ఏకరీతిగా ఉండడం. రోజూ అదే వేళకు, అదే పాటతో మొదలుపెట్టండి, ముగింపూ ఒకేలా ఉండాలి. బెదిరే పిల్లలను తలుపు కనిపించే చోట కూర్చోబెట్టండి. గంట కొట్టేముందు చెప్పండి. తండ్రి చనిపోయిన పిల్లాడికి “నిద్రపోయాడు”, “ఊరెళ్లాడు” అని చెప్పించకండి. మొదటిది నమ్మిన పిల్లలు నిద్రకు భయపడతారు, రెండోది నమ్మినవాళ్లు గేటు దగ్గర కూర్చుంటారు. “చనిపోయాడు, ఇక రాడు, అది నీ తప్పు కాదు” అని అయినవాళ్ల చేత చెప్పించాలి. మూడో మాట మరవద్దు. తాము అల్లరి చేయడం వల్లే ఇలా జరిగిందని పిల్లలు లోపల్లోపల అనుకుంటుంటారు.

ఒకామె భర్త కనిపించకుండా పోయి రెండేళ్లు. బతికున్నాడో లేదో తెలియదు. అత్తవారు కర్మకాండ చేసేద్దామంటారు, ఆమె ఒప్పుకోదు. మేం ఏం చెప్పాలి?
– మహిళా సంఘం

రెండింటిలో ఏదీ చెప్పకండి. “ఇక రాడమ్మా, ఒప్పుకో” అంటే అతన్ని చంపమని ఆమెను అడిగినట్టు. “తప్పకుండా వస్తాడు” అనేది మీరు నిలబెట్టలేని మాట. దీన్ని అమెరికన్ పరిశోధకురాలు పాలీన్ బాస్ ‘అస్పష్టమైన నష్టం’ అన్నారు. 1970లలో యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలను చూసి ఆమె ఈ ఆలోచనకు వచ్చారు. తేల్చుకోలేకపోవడం ఆ స్త్రీ బలహీనత కాదు, ఆమె పరిస్థితే తేలనిది. “ఉండవచ్చు, లేకపోవచ్చు, రెండూ మోస్తూనే ఈ రోజు గడపాలి” అన్న మాట ఆమె వినగలదు.

పనికొచ్చే సాయం ఇది. రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ సంస్థల ద్వారా ఆచూకీ వెతికే దరఖాస్తు పెట్టించండి, అది ఉచితం. పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చివరిసారి కనిపించిన చోటు, తేదీ, వేసుకున్న బట్టలు, పాత గాయాల గుర్తులు, పళ్లలో ప్రత్యేకత, ఫొటో సిద్ధం చేయించండి. “మీవాడు ఫలానా జైల్లో ఉన్నాడు, డబ్బు పంపితే మాట్లాడిస్తాం” అనే ఫోన్లు ఇలాంటి కుటుంబాలకు వస్తాయి. ముందే హెచ్చరించండి. చట్టం ‘గైర్హాజరీ’ ధ్రువపత్రం ఇచ్చే దేశాల్లోనైతే, మరణ ధ్రువపత్రం లేకుండానే ఆస్తి, పింఛను వ్యవహారాలు కొంత కదులుతాయి. చాలాసార్లు అత్తవారి తొందర వెనక ఉండేది ఈ కాగితాల చిక్కే.

అదే స్థితిలో ఉన్న ఐదారుగురు స్త్రీలను వారానికోసారి కలపండి. ‘వితంతువుల సంఘం’లో మాత్రం కూర్చోబెట్టకండి.

నిద్ర పట్టనివాళ్లందరికీ నిద్రమాత్రలు ఇస్తే తేలికవుతుంది కదా? మా మందుల పెట్టెలో బోలెడున్నాయి.
– శిబిరం ఫార్మసిస్టు

ఇవ్వకండి. ఘటన జరిగిన తొలి నెలలో భయానికి గానీ నిద్రలేమికి గానీ డయజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి బెంజోడయజెపీన్ మందులు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు చెప్పాయి. తేరుకోవడానికి సాయం చేయవు, కొద్ది వారాల్లోనే అలవాటవుతాయి, ముసలివాళ్లు రాత్రి లేచి పడిపోతారు.

కానీ రెండు సందర్భాల్లో జాగ్రత్త. యుద్ధానికి ముందు నుంచే ఏళ్లుగా వేసుకుంటున్నవారికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. రోజూ విపరీతంగా మద్యం తాగే మనిషికి శిబిరంలో అది దొరక్క హఠాత్తుగా ఆగిపోతే, రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ వస్తాయి. దాన్ని యుద్ధభయంగా పొరబడతారు. అది ప్రాణాంతకం, వెంటనే ఆస్పత్రికి పంపాలి.

స్థానికులకే శిక్షణ ఇచ్చి కౌన్సెలింగ్ చేయించవచ్చని విన్నాం. ఎలా, ఎన్నాళ్లు పడుతుంది?
– స్వచ్ఛంద సంస్థ సమన్వయకర్త

చేయించవచ్చు. దారి చూపినవాటిలో ముఖ్యమైనది ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్’. మనిషికి ఐదు విడతలు, వారానికొకటి, ఒక్కోటి 90 నిమిషాలు. హింస, సంఘర్షణ చవిచూసిన పాకిస్థాన్‌లోని పెషావర్‌లో 346 మందితో ప్రయోగం చేశారు. వృత్తి నిపుణులు కానివారే సాయం చేసినా, మూడు నెలల తర్వాత చూస్తే ఆందోళన, డిప్రెషన్ తగ్గాయి. ఫలితాలు 2016లో వచ్చాయి.

ఇందులో నేర్పేవి నాలుగు. నెమ్మదైన శ్వాస. సమస్యను పరిష్కరించుకునే తీరు. మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టడం. అండగా నిలిచే మనుషులను కూడగట్టుకోవడం. చెప్పడానికి తేలికే, చేయించడంలోనే ఉంది విద్య. సమస్యల సంగతే తీసుకోండి. ముందు అన్నిటినీ జాబితా రాయించి, చేతిలో ఉన్నవీ లేనివీ విడదీస్తారు. ‘యుద్ధం ఆగాలి’ అన్నది చేతిలో లేదు. ‘కూతురికి బడిలో సీటు లేదు’ అన్నది కొంతవరకు ఉంది. దాన్ని ఎంచుకుని, ఒక్క వాక్యంలో స్పష్టంగా చెప్పించి, మంచీ చెడూ చూడకుండా దారులన్నీ చెప్పమంటారు. ఆ తర్వాతే వాటిని వడకట్టి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరిని తోడు తీసుకుని వెళ్లాలో రాసుకుంటారు. వచ్చే వారం ఏమైందో చూస్తారు. దారులను సహాయకులే సూచించడం అన్నిచోట్లా జరిగే తప్పు. “నేనైతే ఇలా చేస్తాను” అన్నారంటే అవతలి మనిషి తలూపి వెళ్లిపోతుంది, ఆ పని చేయదు. మౌనాన్ని భరించడం నేర్పడానికే శిక్షణలో సగం పడుతుంది. మానేసిన పని మళ్లీ మొదలుపెట్టించేటప్పుడూ అంతే: ‘మునుపటిలా కుట్టుపని చేస్తాను’ అనేది పెద్ద లక్ష్యం, ‘మంగళవారం పొద్దున ఒక్క బొత్తాం కుడతాను’ అనేది జరిగే పని.

అనుభవం లేనివారికి 80 గంటల దాకా తరగతి శిక్షణ లెక్కేసుకోండి, ఆ తర్వాత పర్యవేక్షణలో కొన్ని సాధన కేసులు చేయించాలి. ఆపైన ప్రతి వారం అనుభవజ్ఞుల దగ్గర పర్యవేక్షణ సమావేశం ఉండాలి. నిధులు తగ్గినప్పుడు సంస్థలు మొట్టమొదట కోసేది ఈ వారపు సమావేశాన్నే. అది పోయిన కొన్నాళ్లకు సహాయకులు సలహాలు ఇవ్వడం మొదలుపెడతారు, ఆ తర్వాత రావడం మానేస్తారు. డబ్బు చాలకపోతే సహాయకుల సంఖ్య తగ్గించండి, సమావేశాన్ని మాత్రం తీసేయకండి. ఆత్మహత్య ప్రణాళిక ఉన్నవారిని, మతిభ్రమణ లక్షణాలున్నవారిని ఈ పద్ధతిలోకి తీసుకోకూడదు, మొదటి మాటల్లోనే గుర్తించి ఆస్పత్రికి కలపాలి.

అంతమంది సహాయకులు కూడా లేకపోతే ‘సెల్ఫ్ హెల్ప్ ప్లస్’ ఉంది. ఇది 30 మంది దాకా ఒకచోట కూర్చుని రికార్డు చేసిన పాఠాలు వినే ఐదు విడతల కార్యక్రమం, బొమ్మల పుస్తకం తోడుగా ఉంటుంది. ఉగాండాలో దాదాపు 700 మంది దక్షిణ సూడాన్ శరణార్థి స్త్రీలతో చేసిన ప్రయోగంలో మానసిక క్షోభ తగ్గింది. చదువురానివారికీ పనికొస్తుంది.

“బతికి ఏం లాభం” అని ఒకామె అంటోంది. అడిగితే లేనిపోని ఆలోచన మనమే ఇచ్చినట్టవుతుందా?
– ఆరోగ్య కార్యకర్త

అవదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. తిప్పి తిప్పి కాకుండా సూటిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి: “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అవునంటే: “ఎలా అని ఆలోచించారా? అది మీ దగ్గర ఉందా? ఎప్పుడో అనుకున్నారా? ఇంతకుముందు ప్రయత్నించారా?”

మార్గం, సమయం కూడా అనుకుని ఉంటే ఆ మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు, బ్లేడు, తాడు ఆ చోటి నుంచి తీసేయించండి. యుద్ధం నుంచి వచ్చినవారి దగ్గర ఆయుధం ఉండే అవకాశం ఉంది, అదీ అడగండి. “ఎవరికీ చెప్పను” అని మాటివ్వకండి. “మీ ప్రాణం కోసం ఒక్కరికి చెప్పాలి, ఎవరికి చెప్పమంటారు?” అని అడిగి, వాళ్లు కోరిన మనిషిని పిలిచి, కలిసి ఆస్పత్రికి వెళ్లండి. ఆలోచన మాత్రమే ఉండి, ప్రణాళిక లేకపోతే, మర్నాడు మీరు వస్తారని చెప్పండి. చెప్పిన వేళకు వెళ్లండి.

పాత మానసిక రోగులు, మూర్ఛ ఉన్నవారి సంగతి?
– నర్సు

అందరూ మరిచిపోయేది వీళ్లనే, అందుకే ఈ ప్రశ్న మీరు వేసినందుకు సంతోషం. శిబిరం తెరిచిన తొలి రోజుల్లోనే గుడారం గుడారానికీ వెళ్లి “రోజూ మందు వేసుకునేవారు ఎవరైనా ఉన్నారా?” అని అడగండి. ఫలానా జబ్బుందా అని అడిగితే దాస్తారు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆగితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ఫిట్స్ వస్తే తల కింద మెత్తటిది పెట్టి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికే. బైపోలార్ జబ్బుకు లిథియం అనే మందు వేసుకునేవారు ఎండలో నీళ్లు తాగక, విరేచనాలతో శోషిస్తే మందు రక్తంలో పెరిగి విషమవుతుంది. చేతుల వణుకు, తూలడం, వాంతులు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

గొలుసులతో కట్టేసి ఉంచిన మనిషి కనిపిస్తే కుటుంబం మీద కేకలేయకండి. దారి తెలియక, తప్పిపోతాడన్న భయంతో కట్టి ఉంటారు. ముందు మందు, చూసుకోవడానికి తోడు మనిషి ఏర్పాటు చేయండి, విప్పడానికి వాళ్లే ముందుకొస్తారు.

ఒక కుటుంబం భాష మాకు రాదు. వాళ్ల పదేళ్ల అమ్మాయి చక్కగా అనువదిస్తోంది, చాలదా?
– వాలంటీరు

నీళ్లెక్కడ, వరుసెక్కడ అని అడగడానికి చాలు. తల్లి మనసు సంగతులకు ససేమిరా కూడదు. తల్లి అసలు విషయం దాస్తుంది, పిల్ల వినకూడనిది వింటుంది. పెద్దవారైన దుబాసీని పెట్టుకోండి. స్త్రీకి స్త్రీనే పెట్టండి. సంఘర్షణలో ఎదుటి పక్షానికి చెందినవారు కాదని ముందే కనుక్కోండి. “ఆమె ఇలా అంటోంది” అనకుండా “నేను” అనే చెప్పమనండి. రెండు వాక్యాలకోసారి ఆగండి, మాట్లాడేటప్పుడు చూపు దుబాసీ మీద కాక ఆమె మీద ఉండాలి. పని అయ్యాక దుబాసీతో పది నిమిషాలు కూర్చోండి. ఆ మాటలన్నీ ‘నేను, నేను’ అంటూ పలికింది ఆ మనిషే.

మా వాలంటీర్లలో చాలామంది శరణార్థులే. కొందరు రాత్రీపగలూ పనిచేస్తున్నారు, ఆపితే కోప్పడుతున్నారు.
– బృంద నాయకురాలు

పనిలో ఉంటే తమ దుఃఖం కనిపించదు, అందుకే ఆగరు. మీరే ఆపాలి. వేళలు రాసి గోడకు అంటించండి. వారానికో రోజు పూర్తి సెలవు. ఇద్దరిద్దరిని జతగా వేయండి, ఒకరి తిండి, నిద్ర ఒకరు కనిపెట్టుకోవాలి. చిన్న విషయాలకు విసుక్కోవడం, విన్న కథలు కలల్లోకి రావడం, వచ్చినవారి పేర్లు కూడా అడగకుండా పని ముగించడం, తాగుడు ఎక్కువ కావడం కనిపిస్తే ఆ మనిషిని కొన్నాళ్లు కథలు వినే పని నుంచి తప్పించి సరుకుల లెక్కకో, పిల్లల ఆటలకో మార్చండి. ఇంటికి పంపేస్తే అవమానపడతారు.

సొంత ఊరి మీద దాడి జరిగిన కబురు వచ్చిన రోజున, ఆ ఊరి వాలంటీరును ఆ ఊరివాళ్ల ఏడుపు వినే చోట కూర్చోబెట్టకండి. ప్రయాణం, భోజనం ఖర్చు, చేసిన పనికి డబ్బు వేళకు ఇవ్వండి. సేవాభావం ఉంది కదా అని శరణార్థుల చేత ఊరికే పనిచేయించుకుని, పక్కనే బయటినుంచి వచ్చిన ఉద్యోగికి జీతమివ్వడం ఈ రంగంలో మామూలైపోయింది. బడ్జెట్ రాసేటప్పుడే వాళ్ల వేతనం పద్దు వేసుకోండి.